కోసిన కొమ్మ బోలుదో కాదో కూడా చూడలేదు

న్యూజెర్సీలో మేముండే కాలనీకి పది నిమిషాల నడక దూరంలో ఒక చిత్తడి నేల ఉంది. దాని గట్టున ప్రతి శీతకాలం విరగకాసే ఆరు వింటర్‌బెర్రీ పొదలను నిన్న మధ్యాహ్నం మొదలంటా కోసి పడేశారు. విదేశీ కలుపు మొక్కలను తీసేయడానికి వచ్చినవారు వాటిని ఆముర్ హనీసకిల్ అనే ఎర్రకాయల విదేశీ పొద అనుకున్నారట. అడిగితే, ఫోన్లోని యాప్ అలాగే చెప్పిందన్నారు. రాత్రి నిద్ర పట్టలేదు, ఇప్పటికీ కోపం చల్లారలేదు.

వింటర్‌బెర్రీ అచ్చంగా ఈ నేలకు చెందిన మొక్క. ఐలెక్స్ వెర్టిసిలేటా అనే ఈ పొద కెనడా తూర్పు ప్రాంతం మొదలుకొని అమెరికా తూర్పు రాష్ట్రాల దాకా, నీరు నిలిచే ఆమ్ల నేలల్లో ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. హాలీ జాతిదే అయినా, క్రిస్మస్ కార్డుల మీది హాలీలాగా దీని ఆకుకు ముళ్ళుండవు, చలికాలంలో ఆకు నిలవదు. ఆకంతా రాలాక కొమ్మకు అంటుకున్నట్టుగా, కురచ కాడలతో, మిరియపు గింజకన్నా కొంచెం పెద్దవైన ఎర్రని కాయలు మిగులుతాయి. ఒక కాయను వేళ్ళ మధ్య తిప్పి చూస్తే కొసన చిన్న నల్లని చుక్క కనిపిస్తుంది.

హనీసకిల్‌కు ఆకులు ఎదురెదురుగా పుడతాయి, రాలిపోయినా వాటి మచ్చలు ఎదురెదురుగానే ఉంటాయి. వింటర్‌బెర్రీకి ఒకటి ఇటు, మరొకటి కాస్త పైన అటు. ఎర్రకాయల మరో విదేశీ పొద జపాన్ బార్బెరీ అనుకోవడానికి ముళ్ళు లేవు, అలాంటిదే బిట్టర్‌స్వీట్ అనుకోవడానికి ఇది తీగ కాదు. ఇంతకూ హనీసకిల్ ముదురు కొమ్మను నరికితే మధ్యలో బోలుగా ఉంటుంది. నేలమీద పడి ఉన్న కొమ్మనొకదాన్ని తీసి, కోసిన చివరను ఆ వచ్చినవారిలో ఒక పెద్దమనిషి కళ్ళ ముందు పెట్టాను. నిండుగా, గట్టిగా ఉంది. మొదటి పొదను కోయగానే ఆ కొసను ఒక్క క్షణం చూసి ఉంటే మిగిలిన ఐదూ బతికేవి.

ఈ కాయల్లో కొవ్వు తక్కువ కాబట్టి పక్షులు శరదృతువులో వీటిని పెద్దగా ముట్టవు. మిగతా కాయలన్నీ అయిపోయాక, మంచుకు గడ్డకట్టి కరిగి ఇవి మెత్తబడ్డాక, రాబిన్లు, బ్లూబర్డ్‌లు, సీడార్ వాక్స్‌వింగ్‌లు వచ్చి వాలతాయి. కొమ్మలు కొల్లగొట్టినట్టు ఖాళీ అవడానికి రెండు మూడు రోజులు చాలు. ఈ ఏడాది ఆ కాయలన్నీ చెత్త బండిలో వెళ్ళిపోయాయి.

మొక్కలతో వ్యాపారం చేసేవారికే ఈ మొక్క తెలియనప్పుడు యాప్‌ను అని ఏం లాభం? నాలుగేళ్ళ క్రితం ఒక నర్సరీలో రెడ్ స్ప్రైట్ అనే రకం కొన్నాను. అది ఆడ మొక్క. బొప్పాయిలో మగచెట్టు, ఆడచెట్టు వేరని మన ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. వింటర్‌బెర్రీ కూడా అంతేనని, పక్కన మగ మొక్క ఉండాలని అమ్మినవారు ఒక్క మాట చెప్పలేదు. రెండేళ్ళు ఒక్క కాయ లేదు. వెళ్ళి అడిగితే సదరన్ జెంటిల్‌మన్ అనే మగ రకం అంటగట్టారు. రెడ్ స్ప్రైట్ ముందు పూస్తుంది, అది ఆలస్యంగా పూస్తుంది, కాబట్టి మూడో ఏడూ పోయింది. జిమ్ డాండీ అనే మగ మొక్కను నేనే వెతికి తెచ్చి నాటాకగాని కాయలు రాలేదు. డబ్బు తీసుకుని మొక్క అమ్మేవారికి దాని పూత కాలం చెప్పవలసిన బాధ్యత ఉండదా?

వింటర్‌బెర్రీని కోసినా వేరునుంచి మళ్ళీ పిలకలు వేస్తుందన్న ధైర్యంతో ఈ ఉదయం గట్టుకు వెళ్ళాను. ఆరు మోళ్ళ మీదా నీలం రంగు కలిపిన కలుపుమందు పూసి ఉంది. మళ్ళీ చిగురించకుండా వేరుదాకా చంపడానికే ఆ మందు పూస్తారు. కాస్త ఎడంగా, నీటి అంచున ఏడో పొద మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కిందటి జూన్‌లో దాని తెల్లని పూలను దగ్గరగా చూశాను, అది మగ మొక్క. కాయలు లేవు గనుక ఎవరి కంటా పడలేదు.