అడిగినవాడి నెత్తినే భారమా?

టీ కొట్టు ముందు బల్ల మీద కొందరు కూర్చుని తాగుతారు. దళితుడైన ఇంకొకాయన పక్కన నిలబడి తాగి, తన గ్లాసు తనే కడిగి, చూరులో దోపి వెళ్లాలి. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి అంటే ఇదే. ఇప్పుడు చాలాచోట్ల ఆ గ్లాసు పోయి కాగితం కప్పు వచ్చింది. బల్ల మీద చోటు మాత్రం రాలేదు.

ఇదేమిటని ఆయన అడిగితే, ఆ క్షణం నుంచి పనంతా ఆయన మీదే పడుతుంది. కూలి మానుకుని స్టేషన్‌కు తిరగాలి, సాక్షుల్ని బతిమాలుకోవాలి. ‘ఊళ్లో ఉండాల్సినవాడివి, రాజీ పడరాదూ’ అనే పెద్దల మాట వినాలి. ఇంటిల్లిపాదికీ టెన్షన్. టీ పోసినవాణ్ని, బల్ల మీద కూర్చుని చూసినవాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

1985 జులైలో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దని అడిగిన పాపానికి దళితుల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. అడిగినవాళ్లే ఊరు విడిచారు. ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాసి చేతులు దులుపుకునే అలవాటు పత్రికలకూ ఉంది, అందులో మా తప్పూ ఉంది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ భారాన్ని బాధితుడికి వదిలేయలేదు. కావాలని విధి మరిచిన అధికారికి నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. నేరానికి కొమ్ముకాసిన ఊరివాళ్ల మీద ఉమ్మడి జరిమానా వేసే అధికారం 16వ సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ తేల్చింది. అయినా ఫిర్యాదు పట్టుకుని వెళ్తే ‘ముందు విచారిద్దాం’ అనే మాటే ఎదురవుతోంది. ఈ సెక్షన్లను వాడాల్సింది ప్రభుత్వమే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి నెలా 30న ఊళ్లలో పౌరహక్కుల దినం జరపాలి. చాలాసార్లు అది ఎస్సీ కాలనీలోనే జరుగుతుంది. అంటరానితనం నేరమని అక్కడివాళ్లకు చెప్పడమెందుకు? రోజూ పడేది వాళ్లే కదా. ఆ సభ రచ్చబండ దగ్గర పెట్టాలి. టీ కొట్టు యజమాని, గుడి కమిటీ, సర్పంచ్ ముందు వరసలో కూర్చోవాలి. వచ్చే 30న తహసీల్దారు జీపు ముందు ఆ టీ కొట్టు దగ్గరే ఆగాలి.