స్ప్రే కొట్టాలా, వద్దా?

(చెన్నై, బెసెంట్ నగర్‌లో ఒక ఇల్లు. జూన్ నెల. ప్రదర్శనకు పెట్టబోయే నలుపు తెలుపు ఫోటోలు బల్ల మీద పరిచి ఉన్నాయి. మెరుపు లేని కాటన్ మ్యాట్ పేపరు, సన్నటి రంగు పొడి కలిసిన పిగ్మెంట్ ఇంకు. వాటి మీద స్ప్రేతో రక్షణ పూత వేయాలన్నది మేనకోడలి పట్టుదల.)

మేనకోడలు: అద్దాలు లేకుండా తగిలిస్తున్నాను మావయ్యా. పూత వేయాల్సిందే.

మావయ్య: ఎందుకమ్మా? వెలిసిపోతాయని భయమా? ద్రవంలో కరిగిపోయిన రంగుతో ఉండే డై ఇంకు అయితే నేనే కొట్టమనేవాణ్ణి, దాన్ని గాలిలోని ఓజోనే పాడుచేస్తుంది. నీది కార్బన్ నలుపు, తేలిగ్గా వెలవదు.

మేనకోడలు: నా భయం వెలుతురు గురించి కాదు, చేతుల గురించి. పిగ్మెంటు కాగితం పైపొరలోనే ఉంటుంది. ముదురు నలుపు మీద గోరు తగిలితే చాలు, గీత పడుతుంది. మళ్ళీ ప్రింటు తీయడం తప్ప దారి లేదు.

మావయ్య: అద్దం పెట్టు, మధ్యలో మౌంటు, అంటే అట్ట చట్రం, వెయ్యి. ప్రింటుకి ఏదీ తగలదు. స్ప్రే ఒకసారి పడ్డాక తీయలేం.

మేనకోడలు: ఇంత ముదురు ఫోటోలకు అద్దం పెడితే చూసేవాళ్ళకు వాళ్ళ మొహమే కనిపిస్తుంది. పైగా పూత వేస్తే నలుపు ఇంకాస్త లోతుగా వస్తుంది. మ్యాట్ పేపరు మీద డెన్సిటీ, అంటే నలుపు గాఢత కొలత, 1.6, 1.7 దగ్గరే ఆగిపోతుంది కదా, కాస్త మెరిసే బరైటా పేపరు మీద 2 దాటుతుంది.

మావయ్య: అదే నా బాధ! నీడల్లో టోన్లన్నీ నువ్వు సరిచూసుకున్నది పూత లేని కాగితం మీద. అవి ముదిరి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే?

మేనకోడలు: నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుమెట్లుగా ఉండే గ్రే స్కేలు ఒకటి ప్రింటు తీసి, సగానికే కొట్టి చూస్తాను. తేడా వస్తే ఫైల్లోనే నీడలు కాస్త తేల్చుతాను.

మావయ్య: సరే, కొట్టేది ఎక్కడ? సముద్రం పక్కన ఇంత తేమలో లాకరు స్ప్రేనా? లాకరును కరిగించి ఉంచే సాల్వెంటు ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి తేమ పట్టేస్తుంది. తెల్లటి మసక కమ్ముతుంది. నల్లటి ఆకాశం మీద అది పడితే ఇక ఆ ప్రింటు పోయినట్టే.

మేనకోడలు: నేల మీంచి పొడిగా వచ్చే పడమటి గాలి ఉన్నప్పుడు, సముద్రపు గాలి తిరగకముందే కొడతాను. ప్రింట్లు ముందు 24 గంటలు ఆరాలి. తర్వాత పలచగా ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా.

మావయ్య: ఆ వేళకు ఎండ మండిపోతుంటుంది. తుంపర కాగితాన్ని చేరేలోపే ఆరి, గరుగ్గా తేలుతుంది.

మేనకోడలు: ఎండలో కాదు, వెనక వరండాలో, నీడపట్టున.

మావయ్య: అయితే మొదట పనికిరాని ప్రింటు మీద కొట్టి చూపించు. అద్దం వేసేవి ఏవైనా ఉంటే వాటి జోలికి మాత్రం వెళ్ళకు. ఇంకో మాట, బట్ట మాస్కు సరిపోదు, సాల్వెంటు ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు తెచ్చుకో.