చదరపు అడుగులు కాదు, సీఏడీఆర్ చూడండి

ఎయిర్ ప్యూరిఫయర్‌ను గది చదరపు అడుగుల్ని బట్టి కొనమని ఒక వ్యాసంలో రాశారు. దానికన్నా సీఏడీఆర్, అంటే మిషన్ గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె, చూడాలి. పెట్టె మీద వేసే చదరపు అడుగుల అంకె చాలాసార్లు గంటకు రెండు మూడుసార్లు గాలి మారితే చాలన్న లెక్కతో వేసింది. పొగ, దుమ్ము తగ్గాలంటే ఐదుసార్లు మారాలి. 12×12 గది, ఎత్తు 10 అడుగులు అనుకుంటే దాదాపు 41 ఘనపు మీటర్లు. ఐదుతో గుణిస్తే 205, సీఏడీఆర్ కనీసం అంత కావాలి. కానీ సీఏడీఆర్ చెప్పేది ఫుల్ స్పీడులో. ఆ మోతలో ఎవరూ పడుకోలేరు, రాత్రి స్పీడు తగ్గిస్తారు. అందుకే 300 పైన ఉన్నదే తీసుకోండి.

విజయవాడలో రోడ్డు పక్క ఫ్లాట్లకు ప్రీ ఫిల్టర్ (పెద్ద దుమ్మును ముందే ఆపే జాలీ) తీసి కడుక్కునేలా ఉండాలి, రెండు వారాలకోసారి కడగాలి. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్‌ను మాత్రం నీళ్లలో పెట్టకండి, పోగులు దెబ్బతింటాయి. గుంటూరు యార్డు వైపు మిర్చి ఘాటు ధూళితోనే వస్తుంది కాబట్టి హెపా చాలావరకు పట్టేస్తుంది. వాసనలు పోవాలంటే వాటిని పీల్చే బొగ్గు ఫిల్టర్‌లో గుళికల బొగ్గు బరువుగా ఉండాలి, నల్లటి పల్చటి స్పాంజి ముక్క పేరుకే. అయోనైజర్ (గాలిలోకి విద్యుదావేశ కణాలు వదిలే భాగం) ఉంటే ఆపేయండి, కొన్నిటి నుంచి ఊపిరితిత్తులకు మంచిది కాని ఓజోన్ వాయువు వస్తుంది.

గోడకు ఆనించి పెట్టొద్దు, జానెడైనా ఎడం ఉంచండి. కొత్త ఫిల్టర్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీయకుండానే నడిపేవాళ్లు ఎందరో! కొనేముందు ఫిల్టర్ ధర, ఊళ్లో దొరుకుతుందా లేదా అడగండి. మిషన్ చవగ్గా ఇచ్చి ఫిల్టర్ల మీద రాబట్టుకోవడం మామూలే.