సంగీత పరీక్షకు సంగీతమే అడ్డు

మా అమ్మాయి సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో కర్ణాటక సంగీతాన్ని ఒక సబ్జెక్టుగా తీసుకున్నది. కళ మీది మమకారంతో తీసుకున్నదని ఎవరైనా పొరబడితే అందుకు మేము బాధ్యులం కాము. భౌతికశాస్త్రం మింగేసే మార్కులను సంగీతం కక్కిస్తుందని బంధువులందరూ కూర్చుని తీర్మానించిన మీదటే తీసుకున్నది.

ఈ సబ్జెక్టులో రాతపరీక్షకు 30 మార్కులు, పాడి వినిపించడానికి 70. వివేకం గల తల్లిదండ్రులు ఎవరైనా ముందుగా 30 మార్కుల సంగతే చూస్తారు, ఎందుకంటే తంబురా వర్ణనను బట్టీ పట్టవచ్చు గాని స్వరాన్ని ఊపి పలికే గమకాన్ని పట్టలేము. కుండ, దండి, గుర్రం, బిరడాలు, నాలుగు తీగలు, జీవ అన్నీ చూపుతూ మా అమ్మాయి ఇప్పుడు నాలుగు నిమిషాల్లో తంబురా బొమ్మ గీయగలదు. తంబురాను మాత్రం తను ఇంతవరకు ముట్టుకోలేదు. తంబురా ఇచ్చే అయిదున్నర శ్రుతి సెల్‌ఫోనులోనే దొరుకుతున్నప్పుడు అంత పెద్ద వాద్యాన్ని అపార్ట్‌మెంటులో ఏ మూల నిలబెట్టాలి?

జనక రాగాలైన మేళకర్తల విషయంలో మా ప్రగతి మరింత సంతృప్తికరం. అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది సూత్రం ప్రకారం మేచకల్యాణిలో, అంటే కల్యాణి రాగం పూర్తి పేరులో, 'మే' అంటే అయిదు, 'చ' అంటే ఆరు, తిరగవేస్తే 65. ధీరశంకరాభరణంలో శుద్ధ మధ్యమాన్ని తీసి ప్రతి మధ్యమం పెడితే కల్యాణి అవుతుందని పూర్వులు ఎందుకు అంతగా వివరించారో తెలియదు, దాని సంఖ్య 29కి 36 కలిపితే సరిపోయేది. 72 మేళకర్తలలో ఏ పేరు చెప్పినా మా అమ్మాయి వేళ్ళ మీద లెక్కవేసి సంఖ్య చెబుతుంది, మేము ఎక్కాల పుస్తకంతో సరిచూస్తాము.

చిక్కల్లా మా అమ్మతో వచ్చింది. ఆమె ఏ పరీక్షా రాయలేదు, ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. రోజూ పొద్దున్నే కూరగాయలు తరుగుతూ 'నిధి చాల సుఖమా' అని తీయడం ఆమెకు అలవాటు. ఒకనాడు కల్యాణి రాగలక్షణాన్ని పదోసారి అప్పజెబుతున్న అమ్మాయి చెవులు మూసుకుని, "నాయనమ్మా, కాసేపు ఆపవా, కల్యాణి చదువుకుంటున్నాను" అన్నది. తాను పాడుతున్నదీ కల్యాణేనని ఆవిడ అనలేదు, ఆవిడకు ఆ సంగతి తెలియదు. మా అమ్మాయికీ తెలియలేదు. పుస్తకంలో ఉన్న కల్యాణికి ఆరోహణ, అవరోహణ ఉన్నాయి గాని వంకాయల వాసన లేదు కదా.

ఆ కృతి రాసిన త్యాగరాజస్వామికి మేము చేసిన న్యాయం కూడా చెప్పాలి. 1767లో తిరువారూరులో పుట్టుక, 1847లో తిరువయ్యారులో సమాధి. నడుమనున్న జీవితాన్ని అయిదు పాయింట్లకు కుదించాము. రాజాశ్రయాన్ని వద్దన్నారన్న ఘట్టాన్ని నాలుగో పాయింటులో పెట్టాలా, మొదటనే పెట్టి మార్కులు గట్టిగా రాబట్టాలా అని రెండు రాత్రులు తర్జనభర్జన పడ్డాము.

ఇక 70 మార్కుల గొంతు సంగతి. దానికి మిరియాల పాలు పట్టించాము, ఐస్‌క్రీమును నిషేధించాము. వర్ణమనే రచనను రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడాలి గనుక గురువుగారి పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకుని, రెండో కాలం కోసం దాని వేగం పెంచి వింటున్నాము; అప్పుడు గురువుగారి గొంతు ఉడుత గొంతులా వినబడుతున్నా తాళం మాత్రం తప్పదు.

పరీక్షకు మూడు వారాలు ఉన్నదనగా, ఇంట్లో చదువుకు అనువైన వాతావరణం కోసం మా అమ్మను తమ్ముడి ఇంటికి పంపించాము. ఆవిడ నొచ్చుకోలేదు. సంచి సర్దుకుంటూ, మెట్లు దిగుతూ, ఆటో ఎక్కుతూ ఏదో కొత్త కృతి పాడుకున్నది. అది ఏ రాగమో తేల్చడానికి బాల్కనీలో మేము ముగ్గురమూ ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి విన్నాము. రాగం పేరు చెప్పి ఉంటే సంఖ్య చెప్పేవాళ్ళమే.