వారానికి పది నిమిషాల స్టార్టింగ్ పాత కారుని కాపాడదు

వానలు దిగి వీధులు బురదయ్యేసరికి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు షెడ్డెక్కుతాయి. మళ్లీ సిరిమాను సంబరానికో, సంక్రాంతికో, మాఘమాసం పెళ్లిళ్లకో బయటికొస్తాయి. ఈ మధ్య నెలల గురించి వాట్సాప్‌లో ఒక సలహా చేతులు మారుతోంది. సారాంశం ఇది: “వారానికోసారి పది నిమిషాలు ఇంజన్ ఆడించండి, బ్యాటరీ కూడా ఛార్జవుతుంది. ఇంజన్ ఆయిల్ సంగతి కారు బయటికి తీశాక చూసుకుని మార్చుకోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, టార్పాలిన్ కప్పి కట్టేయండి. మనకి మంచు పడదు కాబట్టి రేడియేటర్‌లో మామూలు నీళ్లు చాలు. తీసేరోజు ఇంకో బ్యాటరీ నుంచి జంపర్ వేసి, చోక్ లాగి, నాలుగు రేజింగులిస్తే ఆయిల్ అంతటా ఎక్కుతుంది.”

చలిదేశాల్లో పాత కార్లని శీతాకాలం మూసి ఉంచేది రోడ్ల మీద చల్లే ఉప్పుకీ, నీళ్లు గడ్డకట్టే చలికీ భయపడి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన శత్రువు తేమ. పైన వాన, కింద నేల చెమ్మ, పక్కన సముద్రపు ఉప్పుగాలి. ఆ సలహాలో ప్రతి మాటనీ ఈ తేమ దగ్గర పెట్టి చూడాలి.

మొదట, పది నిమిషాలు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ బాగా కాగితే అది ఆవిరై పోతుంది. నిలబెట్టి పది నిమిషాలు ఆడిస్తే రేడియేటర్ ముల్లు కదులుతుందేమో గానీ ఇంజన్ అడుగున ఉండే ఛాంబర్‌లో ఆయిల్ కాగదు. ఆవిరి సైలెన్సర్‌లోనూ ఇంజన్ నెత్తిన ఉండే టేపెట్ కవర్ కిందా నీటిబొట్లుగా మిగిలిపోతుంది. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి, పెరుగులా తెల్లగా అంటుకుని ఉంటే అదే సంగతి. పైగా ప్రతిసారీ చోక్ లాగితే పెట్రోలు పాలు ఎక్కువై, మండనిది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి ఛాంబర్‌లోకి దిగుతుంది.

బ్యాటరీ సంగతి ఇంకా అన్యాయం. డైనమో ఉన్న పాత బండ్లలో స్లో మీద, అంటే రేజ్ చేయకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, అంటే ఛార్జింగ్ లేదని అర్థం. సెల్ఫ్ తాగిన కరెంటు తాగినట్టే పోయింది. ఆల్టర్నేటర్ ఉంటే ఆ ఖర్చు వెనక్కి వస్తుంది, అంతే; డీలాపడిన బ్యాటరీ పది నిమిషాల్లో నిండదు. ముందు ఎర్త్ తీగ విప్పి, బ్యాటరీ తీసి చెక్క మీద పెట్టండి. నెలకోసారి మీటరుతో చూస్తే 12.6 వోల్టులుండాలి. 12.4 కంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టండి. ఖాళీగా వదిలేసిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది.

ఇంజన్ ఆడించాలనే ఉంటే నెలకోసారి, వాన లేని పూట, శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్లొచ్చినంత దూరం తోలండి. అంత వీలు లేకపోతే అసలు ముట్టుకోకండి.

ఇంజన్ ఆయిల్‌ని కారు బయటికి తీశాక మారిస్తే ఆలస్యమైనట్టే. వాడిన ఆయిల్‌లో నీరు, ఆమ్లం ఉంటాయి, నాలుగు నెలలు అవి బేరింగులతోనే కాపురం చేస్తాయి. 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కి నాలుగు లీటర్ల పైచిలుకు పడుతుంది, డిప్‌స్టిక్ చూసి పోయండి. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ చాలు. ఫిల్టర్ కూడా మార్చి, ఒకసారి బాగా కాగేదాకా తోలి, అప్పుడు షెడ్డులో పెట్టండి.

హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే బ్రేక్ షూ, డ్రమ్ము తుప్పుతో ఒకటైపోతాయి. బ్రేక్ వదిలేసి చక్రానికి రెండు వైపులా ఇటుకలు పెట్టాలి. అంటుకుపోతే ట్రాక్టర్‌తో లాగించకండి. బ్రేక్ అడ్జస్టర్ వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో కొట్టండి. క్లచ్ ప్లేట్ కూడా ఇలాగే ఫ్లైవీల్‌కి పట్టేస్తుంది. పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర బిగించి, తొక్కినట్టుగా ఉంచితే ఆ బెడద ఉండదు. టైర్లలో గాలి మామూలు కంటే ఆరేడు పౌండ్లు ఎక్కువ పెట్టండి.

టార్పాలిన్ వానని ఆపుతుంది, నేల చెమ్మని మాత్రం లోపలే బంధిస్తుంది. ప్లాస్టిక్ షీటు కారు కింద నేల మీద పరవాలి, పైన నూలుగుడ్డ కప్పాలి, అద్దాలు వేలెడు దించాలి. పక్కన ధాన్యం బస్తాలుంటే ఎలకలు తప్పవు, వైర్లు కొరికేస్తాయి. సైలెన్సర్ మూతికీ, ఎయిర్ క్లీనర్ మూతికీ ఇనుప జాలీ కట్టండి. కట్టినట్టు చీటీ రాసి స్టీరింగ్‌కి తగిలించండి, లేకపోతే తీసేరోజు అదే కొత్త రిపేరవుతుంది.

కూలెంట్ పని గడ్డకట్టకుండా ఆపడం ఒక్కటే అనుకోవడం వల్లే ‘మామూలు నీళ్లు చాలు’ అన్న మాట పుట్టింది. ఇనుప బ్లాకుని తుప్పు నుంచి కాపాడేదీ అదే. బోరునీళ్లు పోస్తే సున్నం గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో మూడో వంతు కూలెంట్ కలిపితే సరి.

పెట్రోలు గురించి ఆ సలహా నోరే విప్పలేదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తుంది. నీరు హద్దు దాటితే రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పైపు పీల్చేది ఆ అడుగు నుంచే. పాత రబ్బరు పైపుల్నీ, పెట్రోలు పంపు లోపలి పొర డయాఫ్రమ్‌నీ కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. అందుకని ట్యాంకు నిండుగా పెట్టి గాలికి చోటు తగ్గించండి, కార్బురేటర్ ఫ్లోట్ ఛాంబర్ ఖాళీ చేయండి. తీసేటప్పుడు ట్యాంకు అడుగు నుంచి గాజుసీసాలోకి కొంత పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపించినా, ఎర్రటి మడ్డి దిగినా మొత్తం తీసేయాలి. పైన కొత్త పెట్రోలు పోస్తే కింది పొర ఎక్కడికీ పోదు.

ఇక ఆ నాలుగు రేజింగులు. నెలల తరబడి ఆగిన ఇంజన్‌లో బేరింగుల నుంచి ఆయిల్ జారిపోయి ఉంటుంది. అప్పుడు రేజ్ చేస్తే ఇనుము మీద ఇనుము రాస్తుంది. ముందురోజు సాయంత్రం ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోయండి. పొద్దున న్యూట్రల్‌లో స్టార్టింగ్ హేండిల్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరగకపోతే సెల్ఫ్ కొట్టకండి, ఇంకొంచెం ఆయిల్ పోసి రెండు రోజులు ఆగండి. తిరిగితే కాయిల్ కనెక్షన్ తీసేసి, ప్లగ్గులు లేకుండానే పది సెకన్లు సెల్ఫ్, అర నిమిషం విరామం చొప్పున ఆయిల్ ముల్లు లేచేదాకా, ముల్లు లేకపోతే ఆయిల్ లైటు ఆరేదాకా, కొట్టండి. కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగుల మీద బరువు పడదు. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ వేయండి, ఆయిల్ చిమ్ముతుంది.

మన తేమకి స్టార్ట్ కాకపోవడానికి తరచు కారణం ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మీద పట్టిన తెల్లటి పొర. రుద్ది, అంబాసిడర్‌కైతే గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గుకి 0.6 పెట్టండి. మూత లోపల చెమ్మ తుడవండి. ప్లగ్గు వైర్లు విప్పి ఉంటే మండే వరస 1-3-4-2, ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది. పెట్రోలు పంపు చేతి లీవరుతో పెట్రోలు ఎక్కించి, అప్పుడు చోక్ లాగి స్టార్ట్ చేయండి. పది సెకన్లలో ఆయిల్ లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి.

కదిలేముందు బ్రేక్ తొక్కి అరనిమిషం పట్టి ఉంచండి. పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ వాషర్ పోయినట్టు. టైరు లోపలివైపు తడిగా ఉంటే వీల్ సిలిండర్ కారుతున్నట్టు. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగవచ్చు. రెండేళ్లు దాటితే మార్చకుండా సాలూరు ఘాట్ ఎక్కకండి, దిగేటప్పుడు తెలుస్తుంది.