మంచు తుపానులో ఇంట్లోనూ ప్రాణాలు పోతాయి

చలికాలంలో డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ నగరాలకు మంచు తుపాను హెచ్చరిక వెలువడగానే అక్కడి తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో రెండు సలహాలు తిరగడం మొదలవుతుంది. పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకోండి. కారు బయటికి తీయకండి. రెండూ పాటించవలసినవే. అయితే 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మనుషులు ఎలా చనిపోయారో తెలిసినవారెవరూ ఈ రెంటితో జాగ్రత్త పూర్తయిందని అనుకోలేరు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఆ తుపాను మృతులు 246 మంది. వాహన ప్రమాదాల్లో పోయినవారు వారిలో 22 మంది కాగా, చలికి ఒళ్లు చల్లబడిపోయి మరణించినవారు 161 మంది. మరో 19 మంది కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు, 10 మంది అగ్నిప్రమాదాలకు బలయ్యారు. రోడ్డు మీది మంచుకు భయపడినంతగా, కరెంటు పోయిన ఇంట్లో కమ్ముకునే చలికి మనం భయపడటం లేదు.

ఆ వారం సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రాష్ట్ర విద్యుత్ గ్రిడ్ పూర్తిగా కుప్పకూలడానికి కొద్ది నిమిషాల దూరంలోకి వెళ్లింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపార సంస్థలకు కరెంటు పోయింది. మరుసటి రోజు డాలస్ విమానాశ్రయం వద్ద ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. విద్యుత్ కేంద్రాలను చలికి తట్టుకునేలా సిద్ధం చేయాలని 2011 నాటి తుపాను తరువాతే అమెరికా కేంద్ర స్థాయి నియంత్రణ సంస్థలు సిఫారసు చేశాయి. అది తప్పనిసరి నిబంధన కాకపోవడంతో పదేళ్లపాటు చాలా కేంద్రాలు దానిని పట్టించుకోలేదు.

ఇప్పుడు ఆ పరిస్థితి మారిందని, 2021లోనే కొత్త చట్టం వచ్చిందని, 2024 జనవరి చలిలో గ్రిడ్ కోతలు లేకుండా నిలబడిందని కొందరు వాదిస్తారు. ఆ మాట నిజమే. కానీ 2023 ఫిబ్రవరి మొదట్లో ఆస్టిన్‌లో, గ్రిడ్‌కు విద్యుత్ కొరత లేకపోయినా, మంచు పేరుకున్న చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడటంతో లక్షన్నరకు పైగా వినియోగదారులు చీకట్లో ఉండిపోయారు; కొందరికి రోజుల తరబడి కరెంటు రాలేదు. చట్టం విద్యుత్ కేంద్రాన్ని కాపాడగలదు గాని, మన వీధి చివరి చెట్టుకొమ్మను పట్టి నిలపలేదు. కాబట్టి కరెంటు పోతుందనే లెక్కతోనే ఇంటిని సిద్ధం చేసుకోవాలి.

కరెంటు పోతే వేడీ పోతుంది. గ్యాస్ హీటరు ఉంది కదా అని ధీమాగా ఉండేవారు ఒక విషయం గమనించాలి: ఆ వేడిగాలిని గదులకు చేరవేసే ఫ్యాను నడిచేది కరెంటుతోనే. అటువంటప్పుడు ఇల్లంతా వెచ్చగా ఉంచాలనే ప్రయత్నం మాని, కిటికీలు తక్కువగా ఉన్న ఒక చిన్న గదిని ముందే ఎంచుకుని, తలుపు కింది సందును తువ్వాలుతో మూసి, దుప్పట్లతో ఇంటిల్లిపాదీ అక్కడికే చేరాలి. నీటి గొట్టాల సంగతీ ముందే చూసుకోవాలి. టెక్సస్‌లో చాలా ఇళ్ల గొట్టాలు అటక మీదుగా వెళ్తాయి. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది గనుక గొట్టం పగులుతుంది. మంచు కరిగినప్పుడు పైకప్పు నుంచి నీళ్లు కురుస్తాయి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే మూతపడుతుందో ఇంట్లోని పెద్దలందరికీ తెలిసి ఉండాలి. తాగునీరు కూడా ముందే నిల్వ చేసుకోవాలి. 2021లో రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది కుళాయి నీటిని కాచి తాగవలసి వచ్చింది. కరెంటు పొయ్యి మీదే వండే ఇంట్లో కరెంటు పోతే కాచేదెలా?

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మన ఊళ్లలో చలికాలం కుంపటి చుట్టూ కూర్చోవడం, నెగడు వేసుకోవడం తరతరాల అలవాటు. పెంకుటిల్లు, వసారా, తలుపు సందులు ఉన్నచోట ఆ పొగ చాలావరకు బయటికి పోతుంది. గాలి చొరకుండా బిగించిన అమెరికా ఇంట్లో బొగ్గుల గ్రిల్లును లోపలికి తెచ్చి వెలిగించడం, గ్యారేజీలో కారును ఆన్‌లో ఉంచి కూర్చోవడం, జనరేటరును కిటికీ పక్కన నడపడం ప్రాణాంతకం. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా ప్రమాదం తప్పదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగతతో మొదలయ్యే లక్షణాలను జలుబో, అలసటో అనుకుని పడుకున్నవారు మళ్లీ లేవకపోవచ్చు. ఆ వాయువును పసిగట్టి మోగే, బ్యాటరీతో పనిచేసే అలారం పడకగది దగ్గర తప్పక ఉండాలి. దాని ఖరీదు ఒక్కసారి కుటుంబమంతా హోటల్లో తినే భోజనం కన్నా తక్కువ. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయటే ఉండాలి.

చలి ప్రమాదం అందరికంటే ఎక్కువగా పొంచి ఉన్నది విజిటర్ వీసా మీద వచ్చిన మన తల్లిదండ్రులకు. రాజమండ్రి, గుంటూరు, ఖమ్మం నుంచి ఆరు నెలల కోసం వచ్చిన పెద్దలకు మంచు కొత్త, ఇల్లు కొత్త, అత్యవసర సహాయానికి 911కు ఫోన్ చేయడమూ కొత్తే. ఇంట్లో వేడి 15 నుంచి 18 డిగ్రీల మధ్యకు పడిపోయినా వృద్ధుల శరీరం ప్రమాదకరంగా చల్లబడవచ్చని వైద్యులు చెబుతారు. మన పెద్దలు పిల్లలకు భారం కాకూడదని చలి వేస్తున్నా నోరు విప్పరు. వణుకు ఆగిపోవడం, మాట తడబడటం, మత్తుగా ఉండటం కనిపిస్తే కునుకుపాటు అనుకుని వదిలేయకుండా వెంటనే వైద్య సహాయం కోరాలి. బీపీ, షుగరు మాత్రలు కనీసం వారానికి సరిపడా ఉండాలి. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు గనుక దాన్ని మనుషులున్న గదిలోనే ఉంచాలి.

సహాయం కోరినా అది రాకపోయే రోజులుంటాయి. మంచుకు బాగా అలవాటు పడిన, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలోనే 2022 క్రిస్మస్ తుపానులో నాలుగడుగులకు పైగా మంచు కురిసి, అంబులెన్సులు, అగ్నిమాపక వాహనాలు దారిలోనే కూరుకుపోయాయి. పిలిచినా ఎవరూ రాలేని ఆ గంటల్లో చేరుకోగలిగేది పక్కింటివారే. పక్కింట్లో ఎవరున్నారో, వారి ఫోన్ నంబరు ఏమిటో తెలియని కుటుంబం సరుకులు ఎన్ని నింపుకున్నా సిద్ధంగా లేనట్టే లెక్క.

అమెరికాలోని తెలుగు సంఘాలను నిలదీయవలసిన చోటు ఇదే. వేల మందితో ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ జరపగల సంఘాలకు, ఒక పిన్‌కోడులో ఒంటరిగా ఉన్న పెద్దలు, కొత్తగా వచ్చిన విద్యార్థులు, పసిపిల్లల తల్లులు ఎందరో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వేదిక అలంకరణకు వెచ్చించే డబ్బులో కొంత తీసినా వందల ఇళ్లకు అలారాలు ఇవ్వవచ్చు. ప్రతి నవంబరులోనూ వీధికి ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలను ఎంపిక చేసి, తుపాను హెచ్చరిక వెలువడిన రోజున ఒకసారి, కరెంటు పోయిన నాలుగు గంటల్లోపు మరోసారి తమ జాబితాలోని ప్రతి ఇంటికీ ఫోన్ చేసే బాధ్యత వారికి అప్పగించాలి. ఫోన్ ఎత్తని ఇంటికి నడిచి వెళ్లి తలుపు తట్టాలి. ఆ జాబితా తెలుగువారితో ఆగిపోకుండా, పక్క వాటాలో ఒంటరిగా ఉంటున్న ఏ భాష వృద్ధులనైనా చేర్చుకునేదిగా ఉండాలి. సంఘం ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని ఈసారి సభ్యులు అడగవలసిన మొదటి ప్రశ్న, మా వీధి జాబితా ఎవరి దగ్గరుంది అన్నదే.