సైకిలుకు ధర పలక కావాలి

కడపలో నలభై దాటిన ఉద్యోగి తన ఇష్టంతో సైకిలు తొక్కితే జనం ఊరుకోరు, సంజాయిషీ అడుగుతారు. "ఏమప్పా, బండి అమ్మేశావా?" అని ఏడు రోడ్ల కూడలిలో ఒక పెద్దాయన. "షుగరు ఎంత వచ్చింది?" అని కోటిరెడ్డి సర్కిల్ దగ్గర మరొకాయన. అప్పులైనా అయి ఉండాలి, డాక్టరైనా భయపెట్టి ఉండాలి. మూడో కారణాన్ని పట్టణం ఇంకా గుర్తించలేదు.

దీనికి నేను కనుగొన్న విరుగుడు కాస్త ఖరీదైనది: కాలి పొడవూ చేతి పొడవూ కొలతలిచ్చి, క్రోమ్-మాలీ అనే గట్టి మిశ్రమ ఉక్కు గొట్టాలతో చేయించుకున్న సైకిలు. ధర చెప్పగానే పరామర్శ ఆగిపోతుంది. "ఆ డబ్బుకు మోటారు సైకిలే వచ్చేది కదా" అని ఒక నిట్టూర్పు, వెంటనే "కూర్చోండి సార్" అని ఒక కుర్చీ. ఏళ్లు గడిచేకొద్దీ వస్తువు విలువ తగ్గాలని లెక్కలు తెలిసినవారు అంటారు. నేను చెప్పే ధర మాత్రం ప్రతి ఉగాదికీ కొంత పెరుగుతోంది. గౌరవం పాతబడకుండా ఉండాలంటే తప్పదు.

ఇంతకీ అంత పోసి ఏం పెట్టించాను? మడ్‌గార్డులు. క్యారియరు. స్టాండు. ప్యాంటు చైనులో పడకుండా గార్డు. చక్రం తిరిగితే వెలిగే డైనమో దీపం. ఇవన్నీ మా వీధి పాలాయన సైకిలుకు మొదటి నుంచీ ఉన్నవే! షాపులవాళ్లు ముందు వీటిని ఒక్కొక్కటిగా ఊడబీకి, కుర్రాళ్లకు నచ్చే సైకిలన్నారు. ఇప్పుడు అవే తిరిగి బిగించి, అన్ని పనులకూ పనికొచ్చే సైకిలంటూ నాలాంటివాళ్లకు అమ్ముతున్నారు. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పాలకోవా తేవాలంటే గేర్లున్న నాదే మేలు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే తెల్లవారకముందే అటూ ఇటూ క్యాన్లు తగిలించుకుని బుగ్గవంక దాటే మనిషి దగ్గర పాలకోవా మాటెత్తడానికి నాకు నోరు రాదు.

అసలు తేడా టైరు దగ్గర బయటపడుతుంది. రెండింటినీ 28 అంగుళాల టైర్లనే అంటారు. కానీ రిమ్ము మీద టైరు కూర్చునేచోట పాలాయనది 635 మిల్లీమీటర్ల వ్యాసం, నాది 622. ఈ 13 మిల్లీమీటర్లే నా హోదా. ఆయన టైరు వీధి చివరి షాపులో మేకుకు వేలాడుతుంటుంది. నాది పార్సిల్లో రావాలి, వచ్చేదాకా సైకిలు వరండాలో విశ్రాంతి తీసుకుంటుంది. పల్లేరు ముల్లుకు మాత్రం ఇంత తారతమ్యం తెలియదు. "ఇంత పెట్టి కొన్నారు, పంక్చరు కూడా అవుతుందా సార్?" అని షాపు అబ్బాయి నా ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ అడిగాడు. జవాబు తోచక చైను గురించి ఉపన్యసించాను: 24 లింకులు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలుంటాయి, అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయాలి అని. అతను శ్రద్ధగా విని, గౌరవసూచకంగా రేటు రెట్టింపు చేశాడు.

రంగు మరో గండం. చీకట్లో బాగా కనబడుతుంది, పసుపు వేయించుకోండని తయారుచేసినాయన సలహా. పాపం, ఆయన మన రాష్ట్రం వాడు కాడు. 1982లో పుట్టిన పార్టీకి సైకిలే గుర్తు, పసుపే రంగు. ఫ్యాను గుర్తు పార్టీ అధినేతదేమో ఈ జిల్లాయే. మే నెల ఎండలో సైకిలు దిగి ఫ్యాను కింద కూర్చున్నా ఇక్కడ ఫిరాయింపు కిందికే వస్తుంది. బూడిద రంగు వేయించాను.

కాబట్టి రవాణా శాఖకు నా విన్నపం. మోటారు బండికి నంబరు పలక ఉన్నట్టే, కావాలని సైకిలెక్కిన ఉద్యోగులకు ధర పలక తప్పనిసరి చేయాలి. వెనక మడ్‌గార్డు మీద, పరామర్శించబోయేవారికి దూరం నుంచే కనబడేంత పెద్ద అంకెలతో. పాలాయనకు మినహాయింపు ఇవ్వవచ్చు. సైకిలెందుకు తొక్కుతున్నావని ఆయన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.